గుదిబండ మచ్చ

ఏం చూశారో చెప్పండి. ముసలి కర్రావు మెడ మీద మచ్చ కనిపించిందా, లేదా? అది గుదిబండ ఒరుసుకుని పడ్డ మచ్చ. మెడకు కట్టే ఆ దుంగల్ని కర్రావు తరం తన్నులు తిని మందలో లేకుండా చేసింది.

ఈ ఏడు మందపెద్ద ఎన్నికలో ఒక కోడె నిలబడింది.

"నన్ను గెలిపిస్తే ఆవులకు మళ్లీ గుదిబండ కడతా. దారి తప్పకుండా ఉంటాయి" అంది.

ఓటంటే, కోడె వద్దనేవాళ్లు వాగు దాటి అవతల నిలబడాలి. పెయ్యలేమో నీడలో నెమరేస్తున్నాయి.

"లేవండే! వాగు దాటండి!" అని కర్రావు అరిచింది.

"ఎండ మండిపోతోంది అమ్మమ్మా. ఈ రోజుల్లో గుదిబండ ఎవరు కడతారు?" అని మనవరాలు చుక్క నవ్వింది.

కోడె గెలిచింది. సాయంత్రానికి చుక్క మెడలో దుంగ వేలాడింది.

"తియ్యవూ అమ్మమ్మా" అని ఏడ్చింది.

ముసలిదాని కొమ్ములు ఆనాటి పోరులోనే అరిగిపోయాయి. నీడలో పడుకున్న మీరే చెప్పండి, ఇక ఆ దుంగను ఎవరు తీస్తారు?