ఆంజనేయుడికి అడ్డుతెర

పొద్దున్నే కెమెరా కర్ర పాతేశారు.

పుట్టతాయమ్మ ఇడ్లీ పాత్ర మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కెమెరా సరిగ్గా ఆమె హోటలు ముందే ఉంది. మారుతి సర్కిల్ మొత్తాన్నీ చూస్తోంది. పక్కన పసుపుపచ్చ జాకెట్ వేసుకున్న ఇంజనీరమ్మాయి, వినుత.

రింగ్ రోడ్డు మీద కడుతున్న ఫ్లైఓవర్ ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి. మారుతి సర్కిల్లో అయినా దిగొచ్చు, దాని తర్వాత వచ్చే సంపిగె సర్కిల్లో అయినా దిగొచ్చు. దిగిన చోట అంగళ్ళన్నీ పోతాయి. రెండు చోట్లా బండ్లు సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగుతున్నాయో ఇవాళ చూసి, ఆ లెక్క కంప్యూటర్‌కిచ్చి, అందులో బొమ్మ బండ్లు నడిపించి తేలుస్తారట.

"కాఫీ తాగు పాపా," అని గ్లాసు పట్టుకెళ్ళింది పుట్టతాయమ్మ, సంగతేమిటో కూపీ లాగుదామని.

"వద్దక్కా. సర్వే అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు."

అయినా అడగడానికేముంది? జామ్ ఎక్కడుంటే ఫ్లైఓవర్ అక్కడే కదా!

పుట్టతాయమ్మ కొంగు దోపుకుని ఆటో స్టాండు మీద పడింది.

"ఒరే సిద్దరాజూ, ఇవాళ ఒక్క ఆటో కూడా మలుపులో ఆగకూడదు."

"మరి గిరాకీ ఎట్లక్కా?"

"నా అంగడే పోతే నీకు అడిగినన్నిసార్లు సాంబారు పోసేదెవరు, మీ అత్తా?"

సిద్దరాజు విజిల్ అందుకున్నాడు. పూలబండిని సందులోకి తోశారు. బస్సు డ్రైవర్లను బతిమాలి బస్సులు బాగా ముందుకు పోయి ఆగేట్టు చేశారు.

అయినా పచ్చలైటు పడ్డాక బండ్లు వెంటనే కదలడం లేదు. ఎందుకో ఆమెకు తెలుసు. మూల మీద ఆంజనేయుడి గుడి. ప్రతివాడికీ లైటు పడ్డాకే దేవుడు గుర్తొస్తాడు. గుండె మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి పెదాలకు తాకించి, అప్పుడు గేరు వేస్తాడు.

పరుగున గుడికి పోయింది.

"స్వామీ, తెర వేసెయ్యండి."

"పట్టపగలు తెరా?" పూజారి శేషాద్రి అదిరిపడ్డాడు. "అపచారం తాయీ!"

"ఫ్లైఓవర్ ఇక్కడ దిగితే మీ స్వామికి నిలవ నీడుండదు. ఒక్క పూట కళ్ళు మూసుకోమనండి."

తెర పడింది. బండ్లు నీళ్ళలా జారిపోయాయి.

మధ్యాహ్నం సిద్దరాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"అక్కా, సంపిగె సర్కిల్లో బేకరీ నడిపే గురుమల్లప్ప టెంపో అక్కడే నడిరోడ్డు మీద చెడిపోయింది. బాగుచేయించడం మానేసి, పక్కనే కుర్చీ వేసుకుని బన్ను తింటున్నాడు! హారన్లతో చెవులు పగిలిపోతున్నాయి."

"పాపం, మొదట్నుంచీ బుర్ర తక్కువోడే," అని జాలిపడింది పుట్టతాయమ్మ.

సాయంత్రం వినుత కెమెరా దించి, హోటల్లో ఓ మూల కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద చుక్కల్లాంటి బండ్లు. సర్కిల్లోకి వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కటీ ఆగడం లేదు.

పుట్టతాయమ్మ పళ్ళెమంత వేడి తట్టె ఇడ్లీ తెచ్చి ముందు పెట్టింది.

"ఇప్పుడైనా చెప్పు తల్లీ. మా సర్కిల్ బాగానే ఉందా?"

"బాగానా! ఇంత చక్కగా బండ్లు పోయే సర్కిల్ నేనెక్కడా చూడలేదక్కా."

పుట్టతాయమ్మ గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. తెర ఇంకా వేసే ఉంది.

వినుత ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ అంది, "ఫ్లైఓవర్ మీంచి దిగే బండ్లు కింద ఇరుక్కోకూడదు గదక్కా, అందుకే ట్రాఫిక్ ఆగని చోటు చూసి దింపుతాం."