ఏడిండ్లపల్లి రాయి

తమిళనాడులో గుడియాత్తం పక్కన మా ఊరు ఏడిండ్లపల్లి. పునాది తవ్వుతుంటే తెలుగు రాతలున్న రాయి దొరికింది. తెలుగు అందరం మాట్లాడతాం, చదవడం నాకొక్కదానికే వచ్చు.

“మన ఊరి సంగతుంటే నిలబెడతాం అవ్వా. లేకుంటే పొద్దున్నే పగలగొట్టి పునాదిలో ఏస్తాం,” అన్నాడు మేస్త్రీ పళని.

రాత్రి టార్చి వేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. మొదట ఇండ్లు కట్టినవాళ్ళ పేర్లవి. కూడబలుక్కుంటూ పైకి చదివాను.

“పాపాతి.”

“ఉండా,” అంది చీకట్లో ఒక గొంతు.

టార్చి అటు తిప్పాను, ఎవరూ లేరు. అయినా చదవడం ఆపలేదు. ఏడు పేర్లకూ ఏడు గొంతులు పలికాయి. నా జన్మలో నేను పిలిచినవాళ్ళందరూ పలికింది ఆ రాత్రే. ఏడు పేర్లు, ఏడు ఇండ్లు: ఊరి పేరు ఎట్లా వచ్చిందో దొరికింది, ఇక రాయి నిలుస్తుంది.

అప్పుడు ఆ ఏడుగురూ రాతిలో లేని పేరొకటి పిలిచారు. అది నాది.

“ఉండానప్పా,” అన్నాను.