నల్ల డేగ ముఖం

“సబ్బు అంత పొయ్యకయ్యా! నీ అబ్బ సొమ్మా?”

ఇసోబె అరిచాడు.

మోకాళ్ళ మీద కూర్చుని స్నానశాల నేల తోముతున్న మనిషి “తప్పయింది పెద్దాయనా” అన్నాడు, చెయ్యి ఆపకుండా.

ఒసాకాలో ఆ వీధి స్నానశాలకు ఏడాదికి ఒక్క రోజే సెలవు. ఇసోబె కొడుకు తెత్సుయ పోయిన రోజు అది.

తెత్సుయ కుస్తీ వస్తాదు. “నాన్నా, నాకు బెల్టు ఆట దొరికింది! గెలిస్తే ఛాంపియన్ని!” అని పొద్దున ఫోన్లో గంతులేశాడు. సాయంత్రం ‘నల్ల డేగ’ అనే ముసుగు వస్తాదు ఎత్తి పడేస్తే మెడ విరిగింది. మళ్ళీ లేవలేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు.

ఆ తరవాత కుస్తీ కబుర్లు రాసే పత్రికను ఇసోబె గుమ్మం దాటి రానివ్వలేదు.

ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఆ ముసుగు వెనక ముఖం ఒక్కసారి చూడాలి. ఆ నోటితో ‘క్షమించండి’ అనిపించాలి. కానీ ముసుగు వస్తాదులు రిటైరయ్యేదాకా ముఖం చూపించరు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఇక ఈ తోమే మనిషి. చాలా ఏళ్ళ కిందట ఒక సెలవు రోజున వచ్చాడు.

“ఇవాళ లేదు, బోర్డు కనపడ్డం లేదా?” అని ఇసోబె కసిరాడు.

అతను వెళ్ళలేదు. మూలనున్న బ్రష్షు అందుకుని నేల తోమడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఏటా అదే రోజున వస్తున్నాడు. ఇసోబె అతని పేరు కూడా అడగలేదు. అడిగితే మాట్లాడాలి, మాట్లాడే ఓపిక ఆయనకు లేదు. అయినా ఊరికే వచ్చే చాకిరీని ఎవరు మాత్రం వద్దంటారు?

ఈ ఏడు మనిషి బాగా చిక్కాడు. రెండు నేల పలకలు తోమి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు.

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“వయసు పెద్దాయనా. నడుం మాట వినడంలేదు.”

“నా ముందరా వయసు మాట? డెబ్బై ఆరు నాకు!”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇసోబె టీ పోసి ఇచ్చాడు.

టీ తాగి, అతను మెల్లగా అడిగాడు.

“మీ అబ్బాయి ఫోటో ముందు ఒక్క అగరొత్తి వెలిగించుకోనా?”

ఇసోబె కప్పు కింద పెట్టాడు. ఫోటో లోపలి గదిలో ఉంది. ఇతనెప్పుడూ అటు వెళ్ళలేదు.

“నాకు కొడుకున్నాడని నీకెవరు చెప్పారు?”



అతను ఏటా తలకు తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. ఇవాళ చెమట తుడుచుకోవడానికి తీశాడు. చెవులు రెండూ నలిగి ముద్దలైపోయి ఉన్నాయి. అలాంటి చెవులు ఇసోబెకు తెలుసు. కొడుకువీ అలాగే ఉండేవి.

“కుస్తీ ఆడతావా నువ్వు?”

“ఆడేవాణ్ణి.”

“ఆ నల్ల డేగవా? నా కొడుకుని పొట్టన పెట్టుకున్నది నువ్వేనా?”

అతను అవుననలేదు. కాదనలేదు. తడి నేల మీద వంగి, నుదురు పలకలకు ఆనించాడు.

“క్షమించండి, పెద్దాయనా.”

ఇన్నేళ్ళు కోరుకున్న మాట. వింటే గుండె బరువు దిగుతుందని ఇసోబె అనుకున్నాడు. దిగలేదు. వీడికా ఇన్నేళ్ళూ నా చేత్తో టీ పోశాను అని ఒళ్ళు మండిపోయింది. లోపలికెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చి అతని నెత్తిన కొట్టాడు.

“ఫో! మళ్ళీ నా గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!”

అతను ఉప్పు దులుపుకోలేదు. బ్రష్షు కడిగి, దాని చోట పెట్టి వెళ్ళిపోయాడు. ఇసోబె వెనకాలే వీధి దాకా ఉప్పు చల్లాడు, పీడ విరగడైందని.

మరుసటి ఏడు ఎవరూ రాలేదు.

ఇసోబె తనే నేల తోముకున్నాడు. సగం తోమేసరికి ఓపిక అయిపోయి చతికిలబడ్డాడు. వాడు రానందుకు సంతోషించాలి. సంతోషం రాలేదు గానీ నడుం నొప్పి వచ్చింది.

“అయ్యా, లోపలికి రావచ్చా?”

గుమ్మంలో పొట్టి మనిషి, యాభై దాటినవాడు, నల్ల సూటులో ఉన్నాడు.

“ఇవాళ సెలవు.”

“తెలుసండి.”

వచ్చినతను చేతిలో మూట విప్పాడు. అందులో నల్ల ముసుగు ఉంది.

“పోయిన వారమే రిటైరయ్యాను. నల్ల డేగను నేనే. ఎన్నోసార్లు ఈ వీధి మొగ దాకా వచ్చి, ముఖం చెల్లక వెనక్కి పోయాను. మీరు కొట్టినా తిట్టినా పడతాను.”

ఇసోబె ఆ ముఖం చూశాడు. కోపం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

“నువ్వా? మరి... మరి వాడెవడు?”

పొడుగాటి మనిషి, నలిగిన చెవులు, ఏటా వచ్చి నేల తోమేవాడు అని ఇసోబె గడగడా చెప్పేశాడు.

“మినగావా అన్న! ఇక్కడికి వచ్చేవారా? మాకెవరికీ చెప్పలేదే.”

“ఎక్కడుంటాడు? నేను వెళ్ళాలి. ఇవాళే వెళ్ళాలి.”

పొట్టి మనిషి తల దించుకున్నాడు.

“వేసవిలో పోయారండి. కేన్సరు. రింగులో పదిసార్లు గంట కొట్టి, ఆఖరిసారి పేరు పిలిచి సాగనంపాం. అంతటి వస్తాదు, చివరిదాకా ఒక్క బెల్టు లేదు. బెల్టు ఆటకు పిలిచినప్పుడల్లా నాకొద్దని మొండికేసేవారు.”

ఇసోబె అతని చెయ్యి పట్టుకున్నాడు.

“నెత్తిన ఉప్పు కొట్టానయ్యా! కాదని ఒక్క మాట అనొచ్చు కదా. వాడెందుకు క్షమించమన్నాడు?”

పొట్టి మనిషి ముసుగును మళ్ళీ మూటకట్టాడు. తరవాత అన్నాడు.

“ఆ రోజు నాతో బెల్టు కోసం ఆడాల్సింది మినగావా అన్నేనండి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆయన లేవలేకపోతుంటే, ‘మీరు పడుకోండన్నా, నేను వెళ్తా’ అని మీ అబ్బాయి దిగాడు.”