ఆఖరి స్నానానికి నీళ్లు

భర్త పోయిన ఉదయమే సాలమ్మ నీళ్ల ఆఫీసుకు వెళ్లింది. ఊళ్లో కొళాయిలకు మీటర్లు బిగించి, తలకు రోజుకు ముప్పై లీటర్లని కోటా పెట్టినప్పటి నుంచి శవానికి స్నానం చేయించాలన్నా అక్కడ అడగాల్సిందే.

కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "ఆఖరి స్నానానికి అరవై లీటర్లు ఊరికే ఇస్తామవ్వా. తాత పేరు మాత్రం ఇప్పుడే కార్డులోంచి తీసేయాల."

"తీసేస్తే?"

"రేపట్నుంచి మీకూ మీ కూతురికీ వచ్చేటివే."

"ఇంట్లో మూడు నెలల పసిబిడ్డ ఉండాదమ్మా. దానికి రావా?"

"ఏడాది నిండితేనే పేరెక్కిస్తారు."

మనవరాలు పుట్టినప్పటి నుంచి ముసలాయన తన వాటా నీళ్లు దానికే వదిలేశాడు. తాను తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని, నాకు చెమటే పట్టదులే అనేవాడు.

"ఆయప్ప పోయినాడని నేను చెప్పలేదే," అంది సాలమ్మ. "పానం బాగలేదు. ముందుగా కనుక్కుందామని వచ్చినా."

అమ్మాయి ఆమె ముఖంలోకి చూసి, తెరిచిన దరఖాస్తును మూసేసింది. "అయితే జాగ్రత్తగా చూసుకోండవ్వా."

ఇంటికొచ్చి సాలమ్మ ఆ రోజు కోటాలో మిగిలిన ఒక్క చెంబు నీళ్లతో భర్త ఒళ్లు తుడిచింది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు అయిపోయాయి. శ్మశానంలో పేరు రాసుకుంటారని భయపడి, తల్లీకూతుళ్లు శవాన్ని బండిలో గడ్డి కింద దాచి తీసుకెళ్లి సొంత చేనులోనే పూడ్చిపెట్టారు. ఏడుపు వినపడకుండా కూతురు నోట్లో కొంగు కుక్కుకుంది.

మరుసటి ఉదయం కొళాయి తొంభై లీటర్లూ పోసి ఆగింది. సాలమ్మ మనవరాలికి స్నానం చేయిస్తుంటే పక్కింటామె గోడ మీంచి పలకరించింది.

"మామ ఎట్లుండాడత్తా?"

"నిద్రపోతా ఉండాడు," అంది సాలమ్మ.