పదిహేడు బారలు

"పదిహేడు దారాలు. పదిహేడూ ఒకే పొడుగు! ఏమండీ మాస్టారూ, నేను మీకు మరీ అంత అమాయకుడిలా కనిపిస్తున్నానా?"

తనిఖీకి వచ్చిన అధికారి గవర్రాజు దారాలన్నీ గుప్పిట్లో పట్టుకుని ఆడించాడు. జాలరిపేట బడి నాలుగో తరగతి గదిలో పిల్లలు ఆ దారాలవంకే చూస్తున్నారు. కామరాజు మాస్టారు బల్లకు ఆనుకున్నాడు. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడేమో, మోకాళ్లు లాగేస్తున్నాయి. పిల్లలు చేసే ప్రతి పనికీ ఫోటో తీయాలి, యాప్‌లో పెట్టాలి, అది తీసుకోకపోతే మళ్లీ తీయాలి. పాఠం చెప్పే ఓపిక అక్కడే సగం హరించుకుపోయింది.

ఇంతా చేసి ఆయన చెప్పింది ఎంత పని? రెండు చేతులూ బార్లా చాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక బార. ఇంటికెళ్లి, నాన్న బార ఎంతో దారంతో కొలిచి తెండర్రా అన్నాడు. ఒక్కొక్కరి దారం ఒక్కో పొడుగు వస్తుంది. వాటితో వరండా కొలిస్తే తలో లెక్కా తేలుతుంది. అప్పుడు మీటరు బద్ద ఎందుకు కావలసి వచ్చిందో పిల్లలకే తెలిసొస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా చెబుతున్న పాఠం! తీరా అధికారి కళ్లెదుట బల్లమీద పరిస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒకే ఉండలోంచి ముక్కలు కోసి మీరే పంచారు. ఫోటో కోసం. అవునా?"

"లేదండీ. నేను దారం ముట్టుకోనేలేదు."

"అయితే ఈ పేటలో మగాళ్లందర్నీ ఒకే అచ్చులో పోశారంటారు."

ముందు వరుసలో దేవి లేచి నిలబడింది. "మా అయ్యే ఇచ్చాడండి. నాను కాపీ కొట్నేదు."

"కూర్చోమ్మా, నిన్ననడం లేదు" అంటూ గవర్రాజు ఫైలు తెరిచాడు. "నెలాఖరుకు రిటైరవుతున్నారని తెలుసు మాస్టారూ. బాధగానే ఉంది. కానీ కళ్లతో చూశాక రాయకుండా ఎలా ఉంటాను?"

రాస్తే మెమో వస్తుంది. మెమో వస్తే విచారణ తేలేదాకా పెన్షన్ కాగితాలు కదలవు. కామరాజుకు భయం వేసింది. దాన్ని మించి విసుగేసింది. ఉద్యోగం మొదలుపెట్టిన ఈ బడికే ఊళ్లన్నీ తిరిగి ఈ ఏడాదే మళ్లీ వచ్చాడు. ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పాడో, ఒక్కరికైనా అక్కరకొచ్చిందో లేదో! చివరికి మిగిలింది దొంగ అన్న పేరు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

"ఒక్క మాట వినండి" అన్నాడు గొంతు సవరించుకుని. "బడి వెనకే వలలు కట్టుకుంటున్నారు. ఎవరో ఒక తండ్రిని పిలిచి అడగండి. ఆ తర్వాత మీ ఇష్టం."

గవర్రాజు గడియారం చూసుకుని తలూపాడు. దేవి పరుగున వెళ్లి తండ్రి సింహాద్రిని లాక్కొచ్చింది. మనిషి అయిదడుగులకు కాస్త ఎక్కువ, అంతే. లుంగీ కిందకి దించుకుని గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు.

"ఈ దారం నువ్విచ్చిందేనా?"

"నానే ఇచ్చినాను బాబూ."

"అయితే ఒకసారి చేతులు చాపు."

సింహాద్రి చాపాడు. గవర్రాజు ఒక కొస అతని వేలికి ఆనించి రెండో కొస లాగాడు. దారం ఆ చేతి వేళ్లు దాటి జానెడు మిగిలిపోయింది.

"చూశారా! ఇది ఇతని బారే కాదు."

కామరాజు కుర్చీలో కూలబడ్డాడు.

"నాదని ఎవులన్నారు బాబూ?" అన్నాడు సింహాద్రి వింతగా. "పిల్ల బారెంతని అడిగింది. మా వలల పాకలో గోడమీద గీతుంది. దానికి పెట్టి కోసిచ్చినాను. పేటంతా అదే బార."

"అంటే?"

"పది ఇళ్లోళ్లు పది ముక్కలు కట్టి తెత్తేగాని ఒక వల అవదు. ఎవుల సేతులతో ఆళ్లు కొలిత్తే ముక్కలు కలుత్తాయేటి? నీది తక్కువంటే నీది తక్కువని దినామూ తగువులే. అందుకని ఒక్క మనిషి బార గోడమీద గీసుకున్నాం. అదే అందరికీ. ఏటా రంగేసి దిద్దుకుంటాం."

గవర్రాజు కలం ఆగింది. రాసిన రెండు లైన్లూ మళ్లీ చదువుకున్నాడు. కామరాజు కుర్చీలో కొంచెం ముందుకు వంగాడు.

"మీటరు కథ మొత్తం మీరే నడిపారన్నమాట" అన్నాడు గవర్రాజు. గొంతులో వేడి తగ్గింది. "ఎన్నాళ్ల కిందట?"

"నాను సిన్నప్పుడండి. ఈ పిల్లంత ఉంటాను."

"చదువుకున్నవాళ్లకు కూడా తట్టదయ్యా ఇలాంటిది. సరే, రిపోర్టులో రాసుకుంటాను. ఎవరి బార అది? మీ కులపెద్దదా?"

"కులపెద్దదా!" సింహాద్రి నవ్వాడు. "బడిలో మా లెక్కలు ఒకలివి ఒకలితో కలవక కొట్టుకుంటంటే, మమ్మల్ని ఆ పాక కాడికి తోలుకెల్లి, గోడకి ఈపు ఆనించి రెండు సేతులూ సాపి 'గీయండర్రా' అన్నది ఈ మాస్టారే కదేటి!"