ఎనిమిది అంకెలు

"పంచదార డబ్బా ఫ్రిజ్‌లో పెట్టిందెవరు?"

ఇంట్లో ఉండేది ఇద్దరే. తను కాదని టీచరమ్మ గట్టి నమ్మకం. ఇక మిగిలింది భర్త.

"నేనే పెట్టుంటాన్లే," అన్నాడాయన, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

"నిన్న కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికింది. ఇవాళ ఇది. రేపు నన్ను తీసుకెళ్లి ఏ అటక మీద పెడతారో!"

"అటకెక్కే ఓపిక నాకెక్కడిదే?"

ఆమెకు నవ్వు రాలేదు. పంచదార ఒక్కటే అయితే సర్దుకుపోయేది. ఈమధ్య వీధి తలుపుకి, తన చేతికి అందనంత ఎత్తున, కొత్త గడియ బిగించాడు. డాబా మీదికి వెళ్లినా తోకలా వెంట వస్తున్నాడు. అన్నిటికీ మించి ఆ సంఖ్య!

నలభై ఏళ్లు బట్టలు కత్తిరించిన మనిషి. టేపు మీద ఉన్నవి తప్ప వేరే అంకెలతో పని పడలేదు. అలాంటివాడు రోజూ టీ గ్లాసు చేతికిచ్చి, అదే కాగితం ముందు పెడతాడు. 47165283.

"టీచరమ్మా, ఇది తొమ్మిదితో పోతుందా?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ? అంకెలన్నీ కూడండి. ముప్పై ఆరు. పోతుంది."

"మరి పదకొండుతో?"

"ఒకటి విడిచి ఒకటి కూడండి. ఇటు పద్దెనిమిది, అటు పద్దెనిమిది. శేషం లేకుండా పోతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రతి అంకే ఒక్కసారి వచ్చింది. అదైనా కనిపించిందా మీకు?"

"లేదే! ఏదీ, కాగితం చూడకుండా చెప్పు."

చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంత చిన్నదానికి అంత సంబరమా?

ఈ మనిషి రేపు నన్నే మర్చిపోతే?

ఆదివారం కూతురు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తండ్రి సంగతి దీనికీ తెలిసిపోయినట్టుంది అనుకుంది టీచరమ్మ. మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక, గరిటె పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్నే మీ నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇక చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు."

కూతురు తండ్రి వైపు చూసింది.

"సరే, వస్తాను," అన్నాడాయన. "దారిలో నా చెయ్యి మాత్రం వదలకు."

"వదిలితే ఇంకేమైనా ఉందా! ఎటు పోతారో ఏమో."

కూతురు తల వంచుకుని కంచంలో అన్నం కెలికింది. మొన్న ఊరవతలి బస్టాండులో ఇంటి దారీ, చివరికి తన పేరూ గుర్తురాక నిలబడిపోయిన అమ్మ, కండక్టరు అడగ్గానే "ముప్పై ఆరు, పద్దెనిమిది, పద్దెనిమిది" అని గొణుక్కుంటూ, ఆ ఎనిమిది అంకెల్లో ఒక్కటీ తప్పకుండా చెప్పింది, ఇంట్లో నాన్న కొత్తగా పెట్టించిన ల్యాండ్‌లైను ఫోను నంబరు.