పేరు పలకని విచారణ

"ముందు పట్టా సంగతి అడగాలె. నేర్పింది మరిచినవా?" అన్నాడు పద్మనాభం.

లక్ష్మణ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒళ్లో ఉన్న ఫైలు ఇంకా తెరవలేదు.

పద్మనాభం వ్యవసాయ శాఖలో మెట్టు మెట్టుగా ఎదిగి, జాయింట్ డైరెక్టర్‌గా రిటైరై, సికింద్రాబాద్‌లో యాప్రాల్ వైపు ఇల్లు కట్టుకున్నాడు. ఆయన కింద పని నేర్చుకున్నవాడే లక్ష్మణ్. ఇప్పుడు జనగామ దగ్గర ఒక మండలానికి వ్యవసాయ అధికారి. ఆ మండలంలో పత్తి వేసిన ఒకతను ప్రాణం తీసుకున్నాడు. అతను రైతా, కాదా అని మొదట రాయవలసింది లక్ష్మణే. రైతు అని రాస్తేనే ప్రభుత్వం ఆ కుటుంబాన్ని ఆదుకుంటుంది.

బయట కూరగాయల ఆటో మైకులో టమాటా, బెండకాయ అని అరుచుకుంటూ పోయింది. పద్మనాభం తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. రోజూ ఈ వేళకు సహస్రనామం వినిపించే దేవుడి గది తలుపు మూసి ఉంది.

"మీకు తెల్వందేముంది సార్..."

"తెలిసినా అడగాలె. ఆఫీసుల అడిగినట్టే అడుగు. పేరు మాత్రం పలకకు."

అది ఆయన పద్ధతి. విచారణలో చనిపోయినవాడి పేరు పలకకూడదని కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేవాడు. పేరు పలికితే మనసు వంగుతుంది, మనసు వంగితే రాత వంగుతుంది అనేవాడు. ఎన్ని గుమ్మాల ముందు ఎంతమంది ఆడవాళ్లు కాళ్లు పట్టుకున్నా ఆయన రాత వంగలేదు. వెనకాల రాతిమనిషి అన్నారు. రిటైరైన రోజు మాత్రం నిజాయితీపరుడని దండలు వేశారు.

లక్ష్మణ్ గొంతు సవరించుకున్నాడు.

"నాలుగెకరాలు సార్. ఆరేండ్ల సంది దున్నుతున్నడు. బోరు ఏసిండు, నీళ్లు పడలే. మళ్ల ఏసిండు, పడలే. ఈసారి పత్తికి సుత వాన దెబ్బ కొట్టింది."

"పట్టా?"

"వాళ్ల నాయిన పేరు మీదుంది."

"అయితే రైతు కాడు. రాసెయ్."

లక్ష్మణ్ రాయలేదు. "కౌలుకిచ్చినట్టు ఆ నాయినతోని ఒక కాగితం రాయించుకుంటే కేసు జెర నిలబడ్తది సార్. పాత తారీఖు ఏస్తే..."

"నేను గిదేనా నీకు నేర్పింది?"

లక్ష్మణ్ తల దించుకున్నాడు. "నాయిన పట్టా ఎందుకు మార్చలేదో రాయాల్నా?" అని అడిగాడు.

పద్మనాభం కిటికీ వైపు చూశాడు. "సేద్యం జేసి బాగుపడ్డోన్ని ఆ నాయిన చూడలే. పట్టా చేతికిస్తే కొడుకు ఆడనే పాతుకపోతడని భయపడ్డడు. ఇయ్యకుంటే ఎన్నడన్న విసుగొచ్చి నౌకరీకి మళ్లుతడనుకున్నడు."

"అట్లని అన్నడా సార్?"

"అనుకోని ఉంటడు."

లోపలి గది తెర కదిలింది. పద్మనాభం భార్య కల్పలత గుమ్మంలో నిలబడింది. అంతా విన్నట్టుంది.

"దున్నినోడు ఎవడో ఆ భూమికి తెల్వదా లక్ష్మణ్? పైనున్న దేవుడు సుత పట్టా చూసే పలుకుతడా?"

"నువ్వు లోపలికి పో," అన్నాడు పద్మనాభం.

"పోతున్న. దీపంల నూనె అయిపోతుంది, చూసుకోండ్రి," అని ఆమె తెర వదిలేసింది.

లక్ష్మణ్ గొంతు తగ్గించాడు. "భార్య ఉంది సార్. చిన్న పాప సుత ఉంది."

"ఉంటరు. ప్రతి ఇంట్ల ఉంటరు."

"మీరు ఒక్కసారి ఊ అనుండ్రి సార్. మిగిలింది నేను చూసుకుంట. ఎవ్వరికీ తెల్వదు."

పద్మనాభం చేతులు ఒళ్లో పెట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇయాల నేను ఊ అంటే, ఇన్నేండ్లు కాదన్నోళ్లందరికీ ఏం జెప్పాలె?"

లక్ష్మణ్ ఫైలు తెరిచి, రైతు కాడు అని రాసి, మూసేశాడు. లేచి చేతులు జోడించాడు. వెళ్లొస్తానని చెప్పకుండానే గేటు దాటిపోయాడు.

పద్మనాభం లోపలి గదిలోకి వెళ్లి, తన పేరు మీదున్న నాలుగెకరాలను ఆరేళ్లు దున్నిన కొడుకు ఫోటో ముందు కొండెక్కబోతున్న దీపంలో నూనె పోసి, "హరికిషన్" అని పేరు పెట్టి పిలిచాడు.